రికార్డ్ షీట్‌లో లేని సంగతులు

శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక మత్స్యకార గ్రామంలో నేను ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. మా బడి ఐదో తరగతి వరకే. ఆరో తరగతికి మూడు కిలోమీటర్ల అవతలున్న జిల్లా పరిషత్ హైస్కూల్‌కి వెళ్ళాలి. ఏటా పది పన్నెండు మంది పిల్లలు మా దగ్గర ఐదు పూర్తిచేసి వెళ్ళిపోతారు. వాళ్ళని పంపించడమంటే రికార్డ్ షీట్ (బడి మారేటప్పుడు ఇచ్చే సర్టిఫికెట్) రాసి, హెచ్ఎం సంతకం పెట్టించి, స్టాంపు వేసి చేతికివ్వడమే అని చాలా ఏళ్ళు అనుకున్నాను. పుట్టిన తేదీ సరిచూడటం, పుట్టుమచ్చలు రాయడం, ఆధార్‌లో ఉన్న ఇంటిపేరూ మా రిజిస్టర్‌లో ఉన్న ఇంటిపేరూ ఒకటేనా అని చూసుకోవడం, ఇవే నాకు పెద్ద పనులుగా కనిపించేవి.

అది చాలదని 2019లో ఒక పిల్లవాడి వల్ల తెలిసింది.

వాడి పేరు రాయను. ఐదో తరగతిలో ఉన్నప్పుడు మా బడికి వాడే పెద్దకొడుకు. గంట కొట్టేది వాడు. మధ్యాహ్నం చిన్నపిల్లల్ని వరసలో కూర్చోబెట్టేది వాడు. కుళాయి దగ్గర తోసుకుంటుంటే ఆపేది వాడు. పద్దెనిమిదో ఎక్కం దాకా తడుముకోకుండా చెప్పేవాడు. వీడు ఎక్కడైనా నెగ్గుకొస్తాడులే అని వాడి గురించి అసలు ఆలోచించలేదు. జూన్‌లో హైస్కూల్లో చేరాడు. జులై మధ్యలో ఒకరోజు పొద్దున నేను వెళ్ళేసరికి మా బడి వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. యూనిఫాం వేసుకున్నాడు, సంచి వీపునే ఉంది.

"ఏరా, హైస్కూల్‌కి వెళ్ళలేదా?"

"ఈరోజు ఇక్కడే ఉంటాను టీచర్. ఒకటో తరగతోళ్ళకి అఆలు దిద్దిస్తాను."

నాకు ముచ్చటేసింది. ఉండమన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. మర్నాడూ వచ్చాడు. మూడో రోజు కూడా వచ్చేసరికి గానీ నాకు అనుమానం రాలేదు. ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ నాయనమ్మ గుమ్మం ముందు కూర్చుని ఉంది.

"ఏటి సెప్పమంటావు టీచరమ్మా. పొద్దున లెగిస్తే కడుపునొప్పంటాడు. వాళ్ళయ్య కొడతానన్నా కదల్డు. బెంగెట్టేసుకున్నాడు గుంటడు."

హిందీ భయమేమో అనుకున్నాను. మన దగ్గర హిందీ ఆరో తరగతిలోనే కదా మొదలయ్యేది. ఐదు వరకు తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం చదివిన పిల్లలకి ఆరులో హిందీ, సైన్స్, సోషల్ ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఆ భయమే అయ్యుంటుందని వాడిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. కాదన్నాడు. సార్లు కొడుతున్నారా అంటే కాదన్నాడు. చీకటి పడి, నాయనమ్మ లోపలికి వెళ్ళాక అప్పుడు చెప్పాడు. పాస్‌కి ఎక్కడికి వెళ్ళాలో తెలియదట. మొదటిరోజు అడుగుదామంటే పీరియడ్‌కి ఒక టీచర్ మారిపోతుంటే ఎవరిని అడగాలో అర్థం కాలేదు. రెండోరోజు ఎలాగో కనుక్కుని వెళ్తే లోపల పెద్ద క్లాసు అబ్బాయిలు ఉన్నారు, వీడిని చూసి నవ్వారు. అప్పట్నుంచి పొద్దున ఇంటి దగ్గర వెళ్తే మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చాకే. అందుకని బడిలో నీళ్ళు తాగడం మానేశాడు. అన్నం తింటే దాహం వేస్తుందని అన్నం కూడా సగమే. మా తీరంలో జూన్, జులై ఉక్కపోత ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ ఉక్కలో పదకొండేళ్ళ పిల్లాడు నెలరోజులు గుక్కెడు నీళ్ళు లేకుండా కూర్చున్నాడు. కడుపునొప్పి అబద్ధం కాదు.

మర్నాడు నేనే తీసుకెళ్ళి క్లాస్ టీచర్‌తో మాట్లాడాను. వాడు మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాడు. కానీ ఆగస్టులో వాళ్ళ నాన్న బోటు పనికి గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళిపోయాడు. దసరా సెలవుల తర్వాత వాడు బడి మానేశాడు. నేను రెండుసార్లు వెళ్ళాను, ఫలితం లేకపోయింది. ఇప్పుడు వాడు కూడా వేరావల్‌లో బోటు మీదే ఉన్నాడు.

ఆ తర్వాత 2020, 2021 కరోనాలో పోయాయి. పిల్లల్ని పంపించడానికి బడే లేదు. 2022 వేసవిలో నేను చేసిన మొదటి పని, అప్పటికే ఆరు, ఏడు చదువుతున్న మా పాత పిల్లల్ని పిలిచి అడగడం. సముద్రంలో చేపల వేట నిషేధం రోజులవి, బోట్లన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి. ఒక బోటు నీడలో తొమ్మిది మందిని కూర్చోబెట్టి, "హైస్కూల్లో మొదటి వారం మీకు ఏది కష్టమనిపించింది?" అని అడిగాను. పాఠాలు అని ఒక్కరు కూడా అనలేదు. ఒకమ్మాయి, "నన్ను బి సెక్షన్‌లో వేశారు, మా ఊరోళ్ళందరూ ఏలో ఉన్నారు" అంది. ఒకబ్బాయి, గంట కొట్టగానే పుస్తకాలన్నీ సంచిలో సర్దేసి లేచి నిలబడ్డాడట. మా బడిలో గంట కొడితే అన్నానికో ఇంటికో కదా. ఇక్కడ రోజంతా నేనొక్కదాన్నే అన్నీ చెప్తాను. అక్కడ ఎనిమిది పీరియడ్లు, ఎనిమిదిసార్లు గంట. "అన్నం ప్లేటు కడిగాక ఎక్కడ పెట్టాలో తెలీక సంచిలో పెట్టుకున్నాను" అన్నాడు ఇంకొకడు. పుస్తకాలు తడిసిపోయి ఇంట్లో తిట్లు తిన్నాడట. ఇంతమంది పిల్లల్ని ఇన్నేళ్ళు పంపించి కూడా ఈ ప్రశ్న నేను ముందెప్పుడూ అడగలేదు.

అప్పట్నుంచి ఏటా ఏప్రిల్‌లో ఐదో తరగతి పిల్లల్ని హైస్కూల్‌కి నడిపించి తీసుకెళ్తున్నాను. ఒంటిపూట బడుల రోజులు కాబట్టి పొద్దున్నే బయల్దేరతాం. హైస్కూల్ హెచ్ఎం గారిని అడిగితే "తప్పకుండా తీసుకురండి" అన్నారు. సరుగుడు తోటలు, జీడితోటలు దాటుకుంటూ నడక. ఆటోలో కూడా వెళ్ళొచ్చు గానీ నడిపించడమే మంచిదని నాకు అనిపిస్తుంది. ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ కుక్కలుంటాయి, ఎవరి దుకాణం దగ్గర ఆగి నీళ్ళు అడగొచ్చు, అవన్నీ కాళ్ళకి తెలియాలి.

మొదటిసారి అక్కడికి వెళ్ళాక బడి నేనే చూపిద్దామనుకున్నాను. కానీ ఆరో తరగతిలో ఉన్న మా పాత విద్యార్థిని ముందుకొచ్చి ఆ పని తనే అందుకుంది. నాకు తెలియని సంగతులు ఎన్నో ఆ పిల్లకి తెలుసు. ఆడపిల్లల్ని బాత్రూముల దగ్గరికి తీసుకెళ్ళి, "ఈ తలుపుకి గడియ పట్టదు, దీనికెళ్ళకండి. ఆ చివరిది మంచిది. ఇంటర్వెల్ మొదట్లో రద్దీ, రెండు నిమిషాలాగి వెళ్ళండి, పెద్ద అక్కలు ఎళ్ళిపోతారు" అని చెప్పింది. తర్వాత, "సైన్స్ టీచర్‌కి చెప్పుకోవచ్చు, ఏదైనా" అని గొంతు తగ్గించి అంది. దేని గురించో ఆడపిల్లలకి అర్థమైంది. మా దగ్గర కొందరు ఆరో తరగతికి వచ్చేసరికే పెద్దమనిషి అవుతారు. ఆ నాలుగు రోజులు బడికి ఎలా వెళ్ళాలో తెలియక ఆగిపోయిన పిల్లలు నాకు తెలుసు. ఎవరికి చెప్పుకోవాలో ముందే తెలియడం ఎంత ధైర్యమో! అబ్బాయిలకి మరో పాత విద్యార్థి చూపించాడు. అప్పట్నుంచి చూపించే పని పూర్తిగా పిల్లలదే. నేను చెట్టుకింద కూర్చుంటాను.

హిందీ గురించి కూడా కొంచెం చేస్తాను, పాఠంలా కాదు. ఏప్రిల్ చివరి వారంలో పలక మీద ఎవరి పేరు వాళ్ళకి హిందీలో రాసి ఇస్తాను. పైన గీత, దాని కింద వేలాడే అక్షరాలు. పిల్లలు దాన్ని వల తాడుకి కట్టిన గుండ్లలా ఉందంటారు. అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ, వరస మన వర్ణమాలదే కాబట్టి, "మీకు అక్షరాలు తెలుసు, బొమ్మ మాత్రమే వేరు" అని చెప్తే వాళ్ళ ముఖాలు తేటపడతాయి. ఒకమ్మాయి మాత్రం పట్టుకుంది: "మన ఎ, ఒ ఇందులో లేవేంటి టీచర్?" హిందీలో హ్రస్వమైన ఎ, ఒలకి వేరే అక్షరాలు లేవు. నిజానికి అది నాకు కూడా ఎప్పుడూ తట్టలేదు. ఆ పిల్లకి ఇప్పుడు హిందీ అంటే ప్రాణం.

ఇక కాగితం సంగతి. రికార్డ్ షీట్‌తో పాటు ఒక్కో పిల్లకి అరపేజీ రాసి హైస్కూల్ ఆరో తరగతి క్లాస్ టీచర్ చేతికి నేనే ఇస్తున్నాను. మార్కులు రాయను, అవి ఎలాగూ వెళ్తాయి. ఆ పిల్లని కొత్తగా చూసేవాళ్ళకి మొదటి నెలలో ఏది తెలిస్తే మేలో అదే రాస్తాను. "ఈ అమ్మాయికి ఎడమ చెవి సరిగా వినపడదు. ఎవరికీ చెప్పుకోదు. ముందు వరసలో, కుడి చెవి మీ వైపు ఉండేలా కూర్చోబెట్టండి." "వీడు వాళ్ళమ్మతో చేపల తట్ట వెంట సంతకి వెళ్తాడు, చిల్లర లెక్క క్షణంలో చెప్తాడు. కాగితం మీద భాగహారం పెడితే బిగుసుకుపోతాడు. ముందు నోటితో అడగండి." "గట్టిగా పిలిస్తే కోప్పడ్డారనుకుని ఏడుస్తుంది."

ఇందులో కూడా ఒకసారి తప్పు చేశాను. 2022లో ఒకబ్బాయి గురించి "బాగా అల్లరి" అని రాశాను. ముద్దుగానే రాశాను. అది చదివిన మాస్టారు మొదటిరోజే వాడిని వెనక బెంచీకి పంపి, సంవత్సరమంతా ఒక కన్ను వాడి మీదే వేసి ఉంచారు. బడిలో ఏది విరిగినా ముందు వాడినే పిలిచేవారట. ఆ రెండు మాటలు వాడి కంటే ముందు క్లాసులోకి వెళ్ళి కూర్చున్నాయి. అప్పట్నుంచి "అల్లరి", "మొద్దు", "సిగ్గరి" లాంటి ముద్రలు రాయడం లేదు. పైగా రాసిన కాగితం ముందు ఆ పిల్లకే చదవమని ఇస్తాను. వద్దన్నది కొట్టేస్తాను. ఒకమ్మాయి, "నాన్న లేరని రాయొద్దు టీచర్, కావాలంటే నేనే చెప్తాను" అంది. నేను కొట్టేసే దాకా పక్కనే నిలబడింది.

మా ఊరికి ఇంకొక చిక్కుంది, దానికి క్యాలెండర్ చూడాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. బడులేమో జూన్ 12న తెరుస్తారు. అంటే కొత్త బడిలో అడుగుపెట్టిన మూడు రోజులకే ఊరంతా మళ్ళీ వేటకి దిగుతుంది. రెండు నెలల తర్వాత మొదటి వేట అంటే పండగే. పిల్లలు ఒడ్డుకి పరిగెత్తుతారు. అమ్మలు తెల్లవారకముందే తట్టలు పట్టుకుని వెళ్ళిపోతారు, పిల్లకి జడ వేసి పంపే మనిషి ఇంట్లో ఉండదు. మొదటి వారం తప్పిపోయిన పిల్లవాడు రెండో వారం కొత్తవాళ్ళలో కొత్తవాడవుతాడు. అందుకని నేను మే నెలలోనే నాయనమ్మలు, అమ్మమ్మలతో మాట్లాడి పెట్టుకుంటాను. తల్లులతో కూడా మాట్లాడతాను గానీ ఆ వారం ఇల్లు నడిచేది ముసలమ్మల చేతుల మీదే. ఏ నలుగురు పిల్లలు కలిసి ఏ ఇంటి ముందు నుంచి ఎన్ని గంటలకి బయల్దేరాలో వాళ్ళే తేలుస్తారు.

దీన్ని మించింది ఆగస్టు. మా తీరం నుంచి చాలామంది మగవాళ్ళు గుజరాత్‌లో వేరావల్‌కి వెళ్ళి బోట్ల మీద పనిచేస్తారు. అక్కడ వర్షాకాలం విరామం జూన్‌లో మొదలవుతుంది కాబట్టి అప్పుడు ఇంటి దగ్గరుంటారు. ఆగస్టు వచ్చేసరికి తండేలు (బోటు నడిపించే పెద్ద) నుంచి కబురొస్తుంది. సంచులు సర్దుకుని ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కి వెళ్ళి రైలెక్కుతారు. మళ్ళీ వచ్చేది వేసవికే. 2018 నవంబరులో అక్కడి బోట్ల మీద వెళ్ళిన మన ఉత్తరాంధ్ర వాళ్ళు పాకిస్తాన్ వాళ్ళకి పట్టుబడి, వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి తిరిగొచ్చే దాకా, క్లాసులో "మీ నాన్న ఎక్కడున్నారు?" అని అడగడానికి నాకు నోరు రాలేదు. జూన్‌లో కొత్త బడికి మెల్లగా అలవాటు పడుతున్న పిల్ల, ఆగస్టులో నాన్న వెళ్ళగానే మళ్ళీ మొదటికొస్తుంది. జూన్‌లో ఏడ్చే పిల్లల్ని అందరూ చూస్తారు, ఆగస్టులో మౌనంగా అయిపోయే పిల్లల్ని ఎవరూ చూడరు. 2019లో నేను చూడలేదు. అందుకే ఆ అరపేజీ చివర తప్పకుండా రాస్తాను: "నాన్న ఆగస్టులో వేరావల్ వెళ్తారు. ఆ రెండు వారాలు గమనించండి."

మిగతావి చిన్న పనులు. ఆన్‌లైన్‌లో మా లాగిన్ నుంచి పేరు వదిలితే గానీ హైస్కూల్ వాళ్ళు చేర్చుకోలేరు కాబట్టి అది సెలవుల్లోనే చూసుకుంటాను. బడి మారితే తల్లికి వందనం (పిల్లల చదువుకని ప్రభుత్వం తల్లులకి ఇచ్చే) డబ్బులు ఆగిపోతాయేమోనని తల్లులు పడే టెన్షన్‌కి ముందే జవాబు చెప్పేస్తాను. అంగన్‌వాడీ నుంచి ఒకటో తరగతికి వచ్చేవాళ్ళది ఇంకో రకం ఇబ్బంది. అక్కడ మధ్యాహ్నం తిన్నాక నిద్రపుచ్చుతారు. ఇక్కడ రెండు గంటలకి పలక పట్టుకోమంటే కళ్ళు మూతలు పడతాయి. మొదటి నెల తరగతి మూల ఒక చాప వేసి ఉంచుతాను, నిద్రొచ్చిన పిల్ల పడుకుంటుంది. జులై చివరికి చాప దానంతటదే ఖాళీ అయిపోతుంది.

2025 వేసవిలో ఒక అమ్మాయి రికార్డ్ షీట్ కోసం వాళ్ళన్న వచ్చాడు. తల పైకెత్తి చూస్తే 2019లో మా వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్న పిల్లాడు. ఇప్పుడు నాకంటే పొడుగున్నాడు. అరచేతులు తాళ్ళకి కాయలు కాసిపోయాయి. రిజిస్టర్‌లో అందినట్టు సంతకం పెట్టమన్నాను. పెన్ను పట్టుకుని కాసేపు అలాగే ఆగాడు. తర్వాత పేరు మెల్లగా రాశాడు, ఒక్కో అక్షరం ఆగి ఆగి. పద్దెనిమిదో ఎక్కం అప్పజెప్పిన పిల్లాడు. నాకు మాట రాలేదు. వాడే అన్నాడు, "దీన్ని మాత్రం మాన్పించను టీచర్. మీరు సూసుకోండి" అని.

ఆ అమ్మాయి గురించి నేను రాసిన కాగితం మిగతా వాటికంటే పెద్దదయింది. వాళ్ళన్న సంగతి రాయొచ్చా అని అడిగితే కాసేపు ఆలోచించి "రాయండి" అంది.

జూన్ 12న తొలిరోజు తొమ్మిది మంది కలిసి నడిచి వెళ్ళారు. నేను మా బడి గేటు దగ్గర నిలబడి చూశాను. జులై బాగానే గడిచింది. ఆగస్టులో ఆ క్లాస్ టీచర్‌కి ఒకసారి గుర్తుచేద్దామని అనుకుంటుండగానే ఆవిడే ఫోన్ చేసింది. "మీ అమ్మాయి నిన్నా ఇవాళా రాలేదండీ. మీ కాగితం తీసి చూశాను. వాళ్ళ నాన్న వెళ్ళిపోయినట్టున్నారు కదూ?"

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఆ పిల్ల గుమ్మంలో ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాన్నా అన్నా ఇద్దరూ రెండు రోజుల కిందటే రైలెక్కారట. బోటు లోపలికి వెళ్ళిపోతే సిగ్నల్ ఉండదు కదా, ఈలోపు అన్న ఫోన్ చేస్తే తీయాలని బడికి వెళ్ళకుండా కూర్చుంది. నేను అక్కడి నుంచే వాళ్ళన్నకి ఫోన్ చేశాను. ఇంకా రైల్లోనే ఉన్నాడు. సాయంత్రం ఆరు దాటాకే చేస్తానని చెల్లికి మాటిచ్చాడు. మర్నాడు పొద్దున ఆ పిల్ల మిగతా ఎనిమిది మందితో కలిసి వెళ్ళింది.

డిసెంబరులో పని మీద హైస్కూల్‌కి వెళ్ళినప్పుడు ఆ టీచర్ తన బీరువాలోంచి ఫైలు తీసి ఆ కాగితం చూపించింది. వెనకవైపు ఆవిడ చేతిరాత. పైన "ఏడో తరగతి టీచర్‌కి" అని ఉంది. "కబడ్డీలో పెట్టాను, బాగా ఆడుతోంది. ఇంగ్లిష్ గట్టిగా చదవమంటే వెనకాడుతుంది, పక్క అమ్మాయితో కలిపి చదివించండి. ఫోన్ సాయంత్రం ఆరు తర్వాత వస్తుంది, ఆగస్టులో మొదటి రోజుల్లో అది గుర్తుచేస్తే చాలు." కింద నాలుగు లైన్లు ఖాళీ ఉంచింది. మార్చిలోపు ఇంకా రాయాల్సింది ఉంటుందట.